పేడ బూడిద చెప్పిన చరిత్ర

బళ్లారి నుంచి హోస్పేటకు వెళ్లే దారిలో కుడతిని దగ్గర ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. పైన గాజులా గట్టిపడ్డ నల్లటి గడ్డలు, లోపల పొరలు పొరలుగా మెత్తటి తెల్ల బూడిద. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతంలో తిరిగిన ఇంగ్లీషు అధికారులకు ఇదేమిటో అంతు చిక్కలేదు. ఊరివాళ్లను అడిగితే రాక్షసుణ్ణి కాల్చిన చోటు అన్నారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బకైతే ఇంకా పెద్ద కథే ఉంది. రాముడి బాణానికి కూలిన వాలిని దహనం చేసింది అక్కడేనట.

ఇలాంటి దిబ్బలు ఒకటీ రెండూ కావు. బళ్లారి, రాయచూరు, కలబురగి వైపు, ఇటు అనంతపురం, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా గుర్తించారు. కొన్ని మామూలు కుప్పల్లా ఉంటాయి, కొన్ని ఇంటికంటే ఎత్తుగా ఉంటాయి. వీటి గురించి ఏ శాసనమూ లేదు, ఏ కావ్యమూ లేదు, కట్టించానని చెప్పుకున్న రాజూ లేడు. అందుకే రాతకు ముందున్న మనుషుల గురించి పురావస్తు శాస్త్రం ఎలా తెలుసుకుంటుందో చూడటానికి ఈ దిబ్బలు మంచి ఉదాహరణ. పిరమిడ్లు, మొహెంజొదారో అంటే అందరికీ తెలుసు. కానీ అక్కడ వస్తువులే సగం పని చేసి పెడతాయి. ఇక్కడ ఉన్నది బూడిద ఒక్కటే.

మొదట్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అగ్నిపర్వతం కక్కిన బూడిద అన్నారు. అయితే దగ్గర్లో అలాంటి అగ్నిపర్వతం ఏదీ లేదు. ఇటుక బట్టీలన్నారు, ఇనుము కరిగించిన చోట్లన్నారు. యుద్ధాల తర్వాత శవాలను గుట్టగా వేసి కాల్చిన చితులన్న వాదన కూడా వచ్చింది. దీన్ని దారిలో పెట్టింది రాబర్ట్ బ్రూస్ ఫూట్. ఈయన జియలాజికల్ సర్వే ఉద్యోగి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించి, ఈ దేశంలో అంత పాత కాలపు మనుషులు ఉన్నారని మొదట చూపించింది ఈయనే. బూడిద దిబ్బల్లోనూ వాటి చుట్టూ సానబెట్టిన రాతి గొడ్డళ్లు, నూరుడు రాళ్లు, చిల్ల పెంకులు దొరకడం చూసి, ఇవి కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్లని, బూడిద అంతా కాలిన పేడేనని ఫూట్ తేల్చాడు. రాక్షసులూ వాలీ పోయి పేడ మిగిలేసరికి చాలామందికి నచ్చలేదు. ఆ తర్వాత కూడా కొన్ని దశాబ్దాలపాటు రకరకాల వాదనలు నడిచాయి.

ఫూట్ మాట నిజమని సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పింది ఫ్రెడరిక్ జాయినర్ అనే శాస్త్రవేత్త, 1950ల చివర్లో. పశువు మేసే గడ్డిలో సిలికా ఉంటుంది. అది కడుపులో అరగదు, పేడతో పాటే బయటికొస్తుంది. పేడ మామూలుగా కాలితే బూడిదవుతుంది. పెద్ద కుప్పగా పోసి బాగా వేడి పుట్టేలా కాలిస్తే ఆ సిలికా కరిగి, చల్లారాక గాజు గడ్డలా బిగుసుకుంటుంది. అగ్నిపర్వతం అనిపించినదీ, ఇనుప చిట్టెం అనిపించినదీ ఈ గడ్డలే. అంటే పొయ్యిలో పిడక కాలినట్టు కాదు, ఎన్నో బళ్ల పేడ ఒక్కసారిగా మండింది.

ఉట్నూరులో కనిపించిన గిట్టలు

బూడిద పేడదే అని తేలినంత మాత్రాన అక్కడ పశువులు కట్టేసి ఉండేవని రుజువు కాదు. పేడను వేరే చోటి నుంచి తెచ్చి పోసి ఉండొచ్చు కదా? దీనికి సమాధానం 1957లో ఉట్నూరులో దొరికింది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణకు దగ్గర్లో ఉన్న ఉట్నూరు. తవ్వింది బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్.

దిబ్బను నిలువునా కోసి చూస్తే ఒకదాని మీద ఒకటి పొరలు కనిపించాయి. ఒక చోట మెత్తటి బూడిద, దాని మీద కరిగి గట్టిపడ్డ పొర, దాని మీద మళ్లీ పేడ మట్టి, మళ్లీ బూడిద. కింద నేలలో వరుసగా గుంతలు. గుంజలు పాతిన చోట కర్ర కుళ్లిపోయినా, కాలిపోయినా, ఆ గుంత నిండిన మట్టి రంగు చుట్టూ ఉన్న మట్టి రంగుతో కలవదు. పార మొద్దుగా వేస్తే ఇది కనబడదు. చిన్న తాపీతో గీరుతూ పోతేనే నేల మీద గుండ్రటి మచ్చల వరుస తేలుతుంది. ఆ మచ్చలను కాగితం మీద కలుపుకుంటూ పోతే ఒక దడి ఆకారం వచ్చింది. దుంగలు పాతి కట్టిన గట్టి దొడ్డి అది, చుట్టూ మనుషులు మసలిన ఆనవాళ్లు. ఆ దడి కాలిపోయింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది.

ఇక ఒక బూడిద పొర మీద పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. మెత్తటి బూడిద మీద పశువులు నడిచాయి, ఆ ముద్రలు చెరిగిపోకముందే పైన ఇంకో పొర పడింది, అంతే, నాలుగు వేల ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి. పేడ బయటి నుంచి తెచ్చారన్న వాదనకు ఇంతకంటే మంచి జవాబు ఉండదు. మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టడానికి పనికొచ్చే వస్తువు కాదిది. ఎవరూ దాచుకోవాలని దాచింది కాదు, ఎవరికో చెప్పాలని రాసింది కాదు. అందుకే దాని మాట నమ్మొచ్చు. రాజులు వేయించిన శాసనంలో ప్రతి పదం వెనకా ఒక ఉద్దేశం ఉంటుంది. బూడిద మీద నడిచిన ఆవుకు అలాంటిదేమీ లేదు.

పురావస్తు శాస్త్రంలో వస్తువు కంటే అది దొరికిన పొరే ముఖ్యం అని పదేపదే చెప్పడం ఇందుకే. పొలం దున్నుతుంటే బయటపడిన రాతి గొడ్డలి అందంగానే ఉంటుంది. కానీ అది ఏ పొరలోది, పక్కన ఏముంది, పైన ఏముంది, కింద ఏముంది అన్నది తెలియకపోతే అది కొత్త రాతియుగం గొడ్డలి అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పదు. టీవీల్లో తవ్వకాలంటే నిధి బయటపడ్డట్టు చూపిస్తారు గానీ, అసలు తవ్వకంలో ఎక్కువ సమయం మట్టి రంగు చూడటానికీ, కొలతలు రాసుకోవడానికీ, గీతలు గీయడానికే పోతుంది.

కాలం ఎలా తెలిసింది

ఈ పశువుల కాపర్లు ఏ కాలం వాళ్లు? ఈ ప్రశ్నకు దొరికిన మొదటి జవాబు వెయ్యేళ్లకు పైగా తప్పింది. ఎలా తప్పిందో చూస్తే ఈ శాస్త్రం పనితీరు బాగా అర్థమవుతుంది.

1945లో పుదుచ్చేరి పక్కన అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వకం జరిపాడు. అప్పుడాయన భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్. అక్కడ ఇటలీలో తయారైన ఎర్రటి మెరుపు కుండల ముక్కలు దొరికాయి. రోమన్ ప్రపంచంలో ఆ కుండలు ఏ సంవత్సరాల్లో తయారయ్యాయో ముందే తెలుసు. కాబట్టి అదే పొరలో దొరికిన స్థానిక కుండలకూ, ముఖ్యంగా లోపల చక్రపు గీతలున్న ఒక రకం పళ్లాలకూ, కాలం తెలిసిపోయింది. రెండేళ్ల తర్వాత వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వాడు. అక్కడ పై పొరలో అవే గీతల పళ్లాలు వచ్చాయి. దాని కింద ఇనుము వాడిన, రాక్షసగుళ్లు (పెద్ద బండలతో కట్టిన సమాధులు) కట్టిన కాలపు పొర. దాని కింద రాతి గొడ్డళ్ల పొర. రోమ్ నుంచి అరికమేడుకు, అరికమేడు నుంచి బ్రహ్మగిరికి, అక్కడి నుంచి కిందికి ఇలా ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి లెక్క కట్టారు. ఎక్కడో ఇటలీలో ఒక కుమ్మరి వేసిన ముద్ర ఆధారంగా కన్నడ సీమలోని కొండ పక్క పల్లె కాలం చెప్పడం చిన్న పనేమీ కాదు.

కానీ ఇందులో ఒక బలహీనత ఉంది. పై పొర కాలం గట్టిగా తెలుసు. కింది పొరలు ఎంత కాలంలో పేరుకున్నాయన్నది మాత్రం అంచనాయే. ఒక అడుగు మట్టి పేరుకోవడానికి యాభై ఏళ్లు పట్టొచ్చు, అయిదు వందల ఏళ్లూ పట్టొచ్చు. వీలర్ తక్కువ వేసుకుని, రాతి గొడ్డళ్ల కాలం క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో మొదలైందన్నాడు.

ఈలోగా అమెరికాలో విల్లార్డ్ లిబ్బీ రేడియోకార్బన్ పద్ధతిని 1949లో ప్రపంచం ముందుంచాడు. ప్రాణమున్న చెట్టూ జంతువూ గాలి నుంచీ తిండి నుంచీ కార్బన్ తీసుకుంటూ ఉంటాయి. అందులో కొద్దిగా కార్బన్ 14 ఉంటుంది. ప్రాణం పోయాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది, మరో 5,730 ఏళ్లకు అందులో సగం. మిగిలింది కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. సుమారు 50,000 ఏళ్ల దాకా ఇది పనిచేస్తుంది. బూడిద దిబ్బల్లో బొగ్గుకు కొదవేముంది? ఉట్నూరు బొగ్గు పరీక్షకు వెళ్లింది. వచ్చిన కాలం క్రీ.పూ. మూడో సహస్రాబ్ది. ఒక్క దెబ్బతో దక్షిణ భారత కొత్త రాతియుగం వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరిగింది. తర్వాత ఎన్నో చోట్ల నుంచి తీసిన నమూనాలను కలిపి చూస్తే ఈ దశ దాదాపు క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకు నడిచిందని తేలింది.

వీలర్ పొరల క్రమంలో మాత్రం పొరపాటు లేదు. రాతి గొడ్డళ్లు, తర్వాత ఇనుము, తర్వాత శాతవాహనుల కాలపు కుండలు అన్న వరుస ఇప్పటికీ అలాగే నిలిచింది. మారింది గడియారం ఒక్కటే.

వాళ్లేం తిన్నారు?

దొడ్లూ పేడా చూసి వీళ్లు కేవలం పశువుల వెంట తిరిగే సంచారులని చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చింది ఒక బకెట్టు నీళ్లతో చేసే పని. తవ్విన మట్టిని నీళ్లలో వేసి కలిపితే మట్టి, రాళ్లు అడుగుకు పోతాయి, మాడిపోయిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నటి జల్లెడతో పట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఏ పంటో గుర్తుపడతారు. గింజ పచ్చిగా ఉంటే ఎప్పుడో కుళ్లిపోయేది. వంట చేస్తూ ఎవరో ఒలకబోసి, పొయ్యిలో మాడ్చడం వల్లే మిగిలింది.

పాతకాలపు పంటలను అధ్యయనం చేసే డోరియన్ ఫుల్లర్, ఆయనతో పనిచేసిన వాళ్లు బళ్లారి పక్కన సంగనకల్లుతో మొదలుపెట్టి, వేల్పుమడుగు, పెద్దముడియం లాంటి మన రాయలసీమ చోట్ల నుంచి కూడా ఇలా మట్టి తీసి చూశారు. మళ్లీ మళ్లీ వచ్చినవి నాలుగు: అండు కొర్రలు, కొర్ర జాతికే చెందిన మరో చిరుధాన్యం, పెసలు, ఉలవలు. నాలుగూ ఇక్కడి వానాకాలానికి తట్టుకునేవి, చెరువూ కాలువా లేకపోయినా పండేవి. ఈమధ్య సిరిధాన్యాల పేరుతో పట్నం షాపుల్లో ఖరీదుగా అమ్ముతున్న అండు కొర్రలు నాలుగు వేల ఏళ్ల కిందట ఈ నేల మీద రోజువారీ తిండి. ఉలవచారు తినేవాళ్లకు ఉలవల వంశచరిత్ర చెప్పనక్కర్లేదు గానీ, ఆ గింజను సాగులోకి తెచ్చిన వాళ్లలో ఈ బూడిద దిబ్బల మనుషులూ ఉన్నారని చాలామందికి తెలియదు.

దీని వల్ల పెద్ద చిత్రమే మారింది. వ్యవసాయం పశ్చిమాసియాలో పుట్టి గోధుమ, బార్లీలతో సింధు లోయకు, అక్కడి నుంచి కిందికి వచ్చిందన్నది పాత లెక్క. దక్కన్‌లో మాత్రం గోధుమ, బార్లీ తర్వాతి కాలంలో, అదీ కొద్దిగా, వచ్చి చేరాయి. ముందు నుంచీ ఉన్నవి ఇక్కడి పంటలే. ఇంకా తర్వాత ఆఫ్రికాలో పుట్టిన సజ్జ, అనుములు వచ్చాయి. అంటే క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలోనే, మధ్యలో ఎన్ని చేతులు మారాయో గానీ, సముద్రం అవతలి విత్తనం బళ్లారి దాకా చేరింది. వరికి మాత్రం ఈ కథలో పెద్ద పాత్ర లేదు. అన్నం ఈ ప్రాంతపు ప్రధాన ఆహారం కావడం చాలా తర్వాతి సంగతి.

కలబురగి వైపు బూదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య 1989 నుంచి కొన్నేళ్లు తవ్విన చోట ఈ జీవితం ఇంకాస్త స్పష్టంగా కనిపించింది. బూడిద దిబ్బ, దాన్ని ఆనుకునే ఇళ్లు, పశువులను కోసి మాంసం పంచుకున్న చోటు, రాతి పనిముట్లు చెక్కిన చోటు, కుండల్లో పెట్టి పాతిన పసిబిడ్డలు. ఇది మకాం కాదు, ఊరు. సంగనకల్లు కొండల మీదైతే గొడ్డళ్ల తయారీ ఇంటి అవసరాన్ని దాటిపోయింది. నల్లరాయి దొరికే చోట చెక్కి, మరో చోట సానబెట్టేవారు. చెక్కినప్పుడు రాలిన పెంకులు గుట్టలుగా ఉన్నాయి. అక్కడే కుప్‌గల్ కొండ మీద రాళ్ల పైన పెద్ద కొమ్ముల ఎద్దుల బొమ్మలు పొడిచి ఉన్నాయి. వాటి మధ్య కొన్ని బండలను రాయితో కొడితే గంటలా మోగుతాయి. పదేపదే కొట్టడం వల్ల వాటి మీద గుంటలు పడ్డాయి. ఏం పాడేవారో తెలియకపోయినా, వాయిద్యం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఎందుకు కాల్చారు?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పేడ అంటే ఎరువు, వంటచెరకు, అలుకు. అంత విలువైన దాన్ని కుప్పలు పోసి తగలబెట్టడం దేనికి? ఏదో ఒకసారి నిప్పంటుకుందనుకోవడానికి లేదు, పొరలు చూస్తే మళ్లీ మళ్లీ కావాలనే కాల్చారు. పశువులకు రోగాలొస్తే దొడ్డిని కాల్చి శుభ్రం చేసుకున్నారని కొందరంటారు. ఇది పండగ, పూజ లాంటి తంతు అని, బూడిదను గుట్టగా పేర్చుకుంటూ పోవడం ఊరి గుర్తుగా, తాతముత్తాతల గుర్తుగా జరిగిందని ఇంకొందరంటారు.

ఆల్చిన్ ఈ మంటలను మన పండగ మంటలతో పోల్చాడు. తెలుగువాళ్లకు ఇది వినగానే భోగి గుర్తొస్తుంది. భోగి పిడకలు, సంక్రాంతి, మరునాడు కనుమ పశువుల పండగ. కర్ణాటకలో సంక్రాంతికి పశువులను మంట మీదుగా దూకించే ఆచారం ఇప్పటికీ ఉంది. పోలిక ఆకట్టుకుంటుంది, కాదనలేం. కానీ ఆఖరి బూడిద దిబ్బకూ మనకు తెలిసిన భోగి మంటకూ మధ్య వేల ఏళ్లున్నాయి. ఆ మధ్యకాలంలో ఈ ఆచారం సాగుతూ వచ్చిందని చూపే గొలుసు లేదు. పశువులు, పేడ, చలికాలం ఉన్న చోట మంట వేసుకోవాలన్న ఆలోచన వేర్వేరుగా ఎన్నిసార్లయినా పుట్టొచ్చు. ఇలాంటి చోట పురావస్తు శాస్త్రం ఎంతవరకు వెళ్లగలదో కూడా బయటపడుతుంది. పేడ ఎంత వేడిలో కాలిందో, ఎన్నిసార్లు కాలిందో అది చెప్పగలదు. కాల్చినవాళ్ల మనసులో ఏముందో చెప్పాలంటే ఊహ మీద ఆధారపడాల్సిందే, ఆ ఊహకు ఊహ అనే పేరు పెట్టాలి. సోషల్ మీడియాలో 'అయిదు వేల ఏళ్ల నాటి భోగి మంట' అని తిరిగే పోస్టులు ఈ చివరి పని చేయవు.

నగరం లేని చోట

క్రీ.పూ. 2500 ప్రాంతంలో మొహెంజొదారోలో ఇటుకల వీధులు, మురుగు కాలువలు, ముద్రలు, తూనిక రాళ్లు ఉన్నాయి. అదే కాలంలో ఉట్నూరులో దడి కట్టి పశువులను తోలుకొస్తున్నారు. నాగరికత అంటే నగరాలు, రాత, మిగులు ధాన్యం, పెద్ద కట్టడాలు అని పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ గీసిన లెక్క ప్రకారం మొదటిది నాగరికత, రెండోది కాదు. పాఠ్యపుస్తకాలు ఇంకా ఈ మెట్ల పద్ధతిలోనే చెబుతాయి: వేట, పశువులు, సేద్యం, ఊరు, నగరం. దక్కన్ ఆధారాలు ఈ వరుసలో సరిగ్గా ఇమడవు. ఇక్కడ పశువులూ సేద్యమూ కలిసే వచ్చాయి. పద్దెనిమిది వందల ఏళ్లపాటు నగరం లేకుండానే ఊళ్లు నడిచాయి, గొడ్డళ్ల పరిశ్రమ నడిచింది, దూరపు విత్తనాలు వచ్చి చేరాయి. వాన తక్కువ, నేల గరుకు, పెద్ద నది గట్టు మీద గోదాములు నింపే పంట లేదు. అలాంటి చోట సంపదను గింజల్లో కంటే పశువుల్లో దాచుకోవడమే తెలివైన పని. కరువొస్తే గాదె నడవదు, మంద నడుస్తుంది. హరప్పా నగరాలు క్రీ.పూ. 1900 తర్వాత ఒకటొకటిగా ఖాళీ అవుతుంటే, ఇక్కడి పల్లెలు ఇంకో ఏడు వందల ఏళ్లు అలాగే సాగాయి. వెనకబడ్డవాళ్లు అనేముందు ఈ లెక్క కూడా చూడాలి.

క్రీ.పూ. 1200 ప్రాంతంలో బూడిద దిబ్బలు పేర్చడం ఆగిపోతుంది. ఆ తర్వాత ఇనుము, రాక్షసగుళ్లు, నిలువు రాళ్లు ప్రాంతమంతా కనిపిస్తాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఉన్న నిలువు రాళ్లు ఈ తరహావే, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. క్రీ.పూ. మూడో శతాబ్దంలో కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు పడ్డాయి. అక్కడి నుంచి ధాన్యకటకం, భట్టిప్రోలు, శాతవాహనులు అందరికీ తెలిసిన కథ. కానీ అశోకుడి మనుషులు ఉలి పట్టుకుని ఎర్రగుడికి వచ్చేనాటికి ఆ చుట్టుపక్కల సేద్యం, పశువులు, ఊళ్లు రెండు వేల ఏళ్లకు పైగా పాతబడి ఉన్నాయి. రాత వచ్చిన రోజునే చరిత్ర మొదలైందనుకుంటే ఆ రెండు వేల ఏళ్లూ లెక్కలోంచి పోతాయి.

ఇంకో బూడిద

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడా నేలలో తెల్లటి బూడిద పొర ఉంది. ఇది పేడది కాదు, నిజంగానే అగ్నిపర్వతానిది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా పర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో వచ్చిన అతి పెద్ద పేలుళ్లలో అదొకటి. సుమారు 2,600 కిలోమీటర్ల దూరం గాలిలో వచ్చిన బూడిద ఇక్కడ రాలింది. బూడిదలోని గాజు రేణువుల రసాయన కూర్పును టోబా దగ్గరి వాటితో పోల్చి అది ఎక్కడిదో తేల్చారు. కొన్నిచోట్ల పొర రెండు మీటర్లు దాటుతుంది. అయితే అంతా ఆకాశం నుంచి నేరుగా పడింది కాదు. పడింది కొన్ని సెంటీమీటర్లే, తర్వాత వానలకు చుట్టుపక్కల గట్ల నుంచి కొట్టుకొచ్చి లోయలో మేట వేసింది.

ఆ పేలుడు ప్రపంచాన్ని ఏళ్ల తరబడి చలిలో ముంచిందని, మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని 1990ల్లో ఒక సిద్ధాంతం బాగా ప్రచారమైంది. జ్వాలాపురంలో దాన్ని పరీక్షించొచ్చు. బూడిద పొర కింద ఉన్నది పేలుడుకు ముందు, పైన ఉన్నది పేలుడు తర్వాత. పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం అక్కడ తవ్వి 2007లో ఫలితాలు ప్రకటించింది. పొర కింద దొరికిన రాతి పనిముట్లూ, పైన దొరికినవీ ఒకే తీరుగా ఉన్నాయి. అంటే పేలుడు తర్వాత కూడా అదే పద్ధతిలో రాళ్లు చెక్కేవాళ్లు లోయలో మిగిలారు, లేదా త్వరగానే తిరిగొచ్చారు. కాలం చెప్పడానికి ఇక్కడ కార్బన్ పనికిరాదు, దాని పరిధి దాటిపోయింది. ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు ఎండ చూసిందో కొలిచే పద్ధతి వాడారు. మట్టిలో కప్పబడ్డాక రేణువులో కొద్దికొద్దిగా శక్తి పోగవుతుంది, ప్రయోగశాలలో దాన్ని వెలికితీసి లెక్క కడతారు.

గొడవ మొదలైంది ఆ తర్వాతి మాట దగ్గర. ఆ రాళ్లు చెక్కింది ఆఫ్రికా నుంచి వచ్చిన మనలాంటి మనుషులేనని ఈ బృందం అంది. అలా అయితే మన పూర్వీకులు 74,000 ఏళ్ల కిందటే ఇక్కడికి చేరుకున్నట్టు. పాల్ మెల్లర్స్ లాంటి పురావస్తు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆధునిక మానవులు ఇక్కడికి వచ్చింది టోబా తర్వాతేనని, సన్నటి చిన్న బ్లేడు రాళ్లు వాళ్లతోనే వచ్చాయని, అంతకు ముందువి మరో మానవజాతివి కావచ్చని వాదించారు. 2020లో మధ్యప్రదేశ్ సోన్ లోయలోని ధాబా నుంచి వచ్చిన ఫలితాలు కూడా టోబాకు ముందూ తర్వాతా పనిముట్లు తెగిపోకుండా కొనసాగాయని చూపాయి. కానీ వాదం తీరలేదు. రాయి తన మీద చెయ్యి వేసిన వాడి జాతి చెప్పదు. ఒక ఎముకో, ఒక పన్నో ఆ పొర కింద దొరికితే తప్ప తేలదు, జ్వాలాపురం బూడిద కింద ఇంతవరకు మనిషి ఎముక దొరకలేదు. దొరికినా మన ఎండలకు, వానలకు అందులో డీఎన్ఏ మిగలడం కష్టం. హరియాణాలోని రాఖీగఢీలో నాలుగున్నర వేల ఏళ్ల నాటి అస్థిపంజరాల నుంచి 60కి పైగా నమూనాలు తీస్తే డీఎన్ఏ పనికొచ్చింది ఒక్క మహిళదే.

జ్వాలాపురం బూడిదకు ఇంకో గిరాకీ కూడా ఉంది. గిన్నెలు తోమే పౌడర్లలో కలపడానికి దాన్ని తవ్వి తీసుకెళ్లారు. బూడిద దిబ్బల సంగతీ అంతే. రైతులు దశాబ్దాలుగా వాటిని బళ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలారు, కొన్ని రోడ్ల కింద పోయాయి. కుప్‌గల్, సంగనకల్లు కొండలకు గ్రానైట్ క్వారీల బెడద ఉంది. రైతును తప్పుపట్టడం తేలిక. ఆ దిబ్బ ఏమిటో అతనికి చెప్పినవాళ్లు లేరు, పక్కన ఒక బోర్డు పెట్టినవాళ్లూ చాలా తక్కువ.

నష్టం ఎంతో అంచనా వేయడానికి ఉట్నూరే చాలు. 1957లో అక్కడ తవ్వినప్పుడు మట్టిని నీళ్లలో వేసి గింజలు తేల్చే పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు. జల్లెడకు చిక్కని అండు కొర్రలు, ఉలవలు అందులో ఉండి ఉంటే అవి ఆ మట్టితోపాటే పక్కన పారబోయబడి ఉంటాయి. తవ్విన పొరను మళ్లీ తవ్వలేరు కాబట్టి, ఇప్పుడు తవ్వేవాళ్లు చోటు మొత్తం తవ్వకుండా కొంత భాగం కావాలనే వదిలేస్తారు. రాబోయే రోజుల్లో ఇంకేదో పద్ధతి వస్తుందని, పేడ పొరలోంచే పశువుల రోగాలూ, మేసిన గడ్డీ, కాల్చిన నెలా తెలియొచ్చని. ఎందుకు కాల్చారన్న ప్రశ్నకు జవాబు దొరికితే అలా వదిలేసిన భాగంలోనే దొరకాలి, అప్పటిదాకా దాన్ని ట్రాక్టరుకు ఎత్తకపోతే.